బేసి బంతి

మా కళాశాలలో ఏ పనికీ ఎవరూ దొరకనప్పుడు తెలుగు లెక్చరర్ దొరుకుతాడు. స్వాగతోపన్యాసం, వందన సమర్పణ, ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆ ఖాళీ పూరించడం, ఇవన్నీ ఎం.ఏ. తెలుగు చదివినందుకు నాకు సంక్రమించిన హక్కులు. మూడేళ్ల క్రితం ఆ జాబితాలో మరొకటి చేరింది. ప్రిన్సిపాల్‌గారు గదికి పిలిపించి, "మిమ్మల్ని క్రీడా సంఘానికి కన్వీనరుగా వేశాం" అన్నారు.

"నన్నా! నాకు వైకుంఠపాళీ తప్ప ఇంకో ఆట రాదండీ" అన్నాను.

"ఆడించడానికి పి.డి.గారు ఉన్నారు. మీరు మాట్లాడాలి. ఆడే పిల్లల్ని వెతికి, వాళ్ల తల్లిదండ్రుల్ని ఒప్పించి, మన కళాశాలలో చేర్పించాలి. ఈసారి బేస్‌బాల్ జట్టు దింపుతున్నాం."

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పాను. మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండానే, "బేసి బాలా? మరి సరి బాల్ కూడా ఉందా?" అన్నది. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను కూడా నవ్వాను. నవ్వు అయిపోయాక తేలిందేమంటే, ఆ ఆట గురించి ఆవిడకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు.

తెలుసుకోక తప్పింది కాదు. నేల మీద తొంభై అడుగుల భుజాలతో ఒక చతురస్రం గీసి, నాలుగు మూలల్లో నాలుగు మజిలీలు పెడతారు. నడుమ చిన్న దిబ్బ. దిబ్బ మీద నిలబడినవాడు అరవై అడుగుల ఆరంగుళాల దూరం నుంచి బంతి విసురుతాడు. గుండ్రటి కర్ర పట్టుకున్నవాడు దాన్ని కొట్టి, మజిలీలన్నీ చుట్టివస్తే ఒక పరుగు. జట్టుకు తొమ్మండుగురు. క్రికెట్టులో బంతి వేసేవాడు మోచెయ్యి విదిలించకూడదు. ఇక్కడ ఆ విదిలింపే విద్య. అంటే ఈ ఆటకు ప్రాణం మోచేతిలో ఉంటుందన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉన్నది.

ఇన్ని ఆటలుండగా మా వాళ్లకు ఇదే ఎందుకు కావలసి వచ్చిందని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. క్రికెట్టులో ప్రతి కళాశాలకూ జట్టు ఉంది, పతకం దక్కాలంటే తపస్సు చెయ్యాలి. పోటీ పలచగా ఉన్న ఆటలో పతకం త్వరగా వస్తుంది. పతకం వస్తే ఫోటో వస్తుంది, ఫోటో వస్తే కరపత్రం అచ్చవుతుంది, కరపత్రం చూసి పిల్లలు చేరతారు. పైగా నాక్ వారు తనిఖీకి వచ్చినప్పుడు క్రీడా పతకాలకు ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే యాజమాన్యానికి నిద్ర పట్టదు. ప్రైవేటు కళాశాల నడపడమంటే గడులు నింపడమే గదా!

తీరా వెతకబోతే ఉప్పల్‌లో బేస్‌బాల్ ఆటగాణ్ణి పట్టడం, చేపల బజారులో పూలబుట్ట కోసం తిరగడం లాంటిదని తెలిసింది. మా ఉప్పల్ అంటే దేశానికంతకూ క్రికెట్టు. 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికా జట్లు ఇక్కడి స్టేడియంలో తొలి అంతర్జాతీయ వన్డే ఆడాయి. 2009 నవంబరు 5న ఆస్ట్రేలియా మీద టెండూల్కరు 175 పరుగులు చేసి, అయినా మూడు పరుగుల తేడాతో మనం ఓడిపోయింది కూడా ఇక్కడే. ఆ రాత్రి మా వీధిలో అన్నం తిన్నవాళ్లు తక్కువ. అటువంటి చోట ఒక కుర్రవాడి దగ్గరికి వెళ్లి, "నాయనా, బేస్‌బాల్ ఆడతావా?" అంటే, వాడు మన ఆరోగ్యం సరిగా ఉన్నదా అన్నట్టు చూస్తాడు.

అయితే మా పి.డి.గారిది గట్టి పిండం. "తెలుగు సార్, ఆటగాణ్ణి వెతకొద్దు, చెయ్యిని వెతుకుదాం" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. 2008లో రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రవాళ్లను అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టువారు తీసుకున్నారు. వాళ్లు అంతకు ముందు బేస్‌బాల్ ముట్టినవాళ్లు కారు, ఈటె విసిరేవాళ్లు. ఎవరు ఎంత వేగంగా, ఎంత గురిగా విసరగలరో చూసే ఒక టెలివిజన్ పోటీలో నెగ్గి అంత దూరం వెళ్లారు.

కాబట్టి మేము ఆదివారాలు తిరగడం మొదలుపెట్టాం. పి.డి.గారి మోటారు సైకిలు వెనక నేను, నా ఒళ్లో చేతి తొడుగుల సంచి. హబ్సిగూడ నుంచి నాచారం, హెచ్.ఎం.టి. నగర్, మల్లాపూర్ దాకా ఎక్కడ ఖాళీ జాగా ఉంటే అక్కడ ఆగేవాళ్లం. ఖాళీ జాగాలు ఏడాదికేడాదీ తరిగిపోతున్నాయి. నిన్న ఆడుకున్న చోట నేడు పునాది తవ్వి ఉంటుంది. బ్యాటు పట్టినవాణ్ణి పి.డి.గారు చూడనే చూడరు. అందరికన్నా దూరంగా, ఎవరూ నిలబడ్డానికి ఇష్టపడని చోట నిలబడి, బంతి తిరిగి విసిరేవాణ్ణి చూస్తారు.

అలా దొరికాడు మావాడు. నాచారం పారిశ్రామిక వాడ వెనక ఒక మైదానంలో, గోడ పక్క నుంచి బంతి తీసి వికెట్ల మీదికి విసిరాడు. బంతి నేల తాకలేదు. వికెట్ల వెనక ఉన్నవాడు చెయ్యి దులుపుకుని బూతు మాట అన్నాడు. పి.డి.గారు నా భుజం నొక్కి, "సార్, ఇగ మీ పని" అన్నారు.

నా పని ఏమిటో చెప్పే ముందు, మా చేతిలో ఉన్న సరుకేమిటో కొంచెం చెప్పాలి.

ఇంటరు పాసైన కుర్రవాడి ఇంట్లో అందరి చూపూ ఇంజనీరింగు మీద ఉంటుంది. అక్కడ క్రీడాకారులకు ప్రత్యేకించిన సీట్లు నూటికి అర, అంటే వెయ్యికి అయిదు. ఆ అయిదు సీట్లకూ ఎక్కువగా పెద్ద ఆటల్లో పెద్ద పతకాలు తెచ్చినవాళ్లు నిలబడి ఉంటారు. ఇక ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. తెలంగాణలో వాటి కోసం 2018లో చట్టం వచ్చింది, 2020లో మొదట అయిదింటికి అనుమతి దొరికింది. వాటికి విశాలమైన మైదానాలు, హాస్టళ్లు, బస్సులు ఉన్నాయి. కాని ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు అక్కడ వర్తించదు. కాబట్టి ఆటగాణ్ణి రప్పించాలంటే ఆ ఫీజు వాళ్లే వదులుకోవాలి, లేదా తండ్రి పొలం వదులుకోవాలి. అటు మొగ్గగలిగినవాళ్లు మొగ్గుతున్నారు. మేము ఒక ఏడాది తయారు చేసుకున్న క్యాచరును, ఊరి వెలుపలి ఒక విశ్వవిద్యాలయం వారు హాస్టలు గది చూపించి తీసుకుపోయారు. నాకు కోపం వచ్చింది గాని, ఆ గదిలో ఫ్యాను కింద మంచం ఉన్నదని విన్నాక ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టలేకపోయాను.

మధ్యలో మా బోటి చిన్న కళాశాలలు. మేము ఇవ్వగలిగింది: ఫీజులో మా వంతు రాయితీ, బూట్లు, ఆట ఉన్న రోజుల్లో గుడ్డూ అరటిపండూ, హాజరులో కొంత కనికరం.

ఈ చిక్కు మనకే ఉన్నదనుకునేవాణ్ణి. అమెరికాలోనూ ఉన్నదని చదివి కొంత ఊరట పడ్డాను. అక్కడ పెద్ద కళాశాలల బేస్‌బాల్ జట్టుకు చాలా ఏళ్లు మొత్తం 11.7 స్కాలర్‌షిప్పులే ఇవ్వనిచ్చేవారు. పన్నెండు కూడా కాదు, పదకొండూ చిల్లర! దాన్ని గరిష్ఠంగా 27 మందికి పంచవచ్చు, ఒక్కొక్కరికి కనీసం పాతిక వంతు ఇవ్వాలి. పూర్తి చదువు ఉచితంగా దొరికేవాడు అరుదు. మిగతాది తల్లిదండ్రులే పెట్టుకోవాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫీజు తక్కువ గనక ఆ మిగతాది మోయవచ్చు. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో అది కొండ. అయినా వాండర్‌బిల్ట్ అనే ప్రైవేటు విశ్వవిద్యాలయం 2014లోనూ 2019లోనూ జాతీయ విజేత అయింది. 2025-26 విద్యా సంవత్సరం నుంచి ఆ 11.7 పరిమితి ఎత్తివేసి, జట్టులో 34 మందికి మించకూడదనే కట్టుబాటు పెట్టారు. ఇకమీదట డబ్బున్న విశ్వవిద్యాలయానికి అడ్డు తక్కువ. నాచారంలోనైనా అమెరికాలోనైనా చివరికి ప్రశ్న ఒక్కటే: మిగతా డబ్బు ఎవరు పెడతారు?

ఈ సరంజామా అంతా తలలో పెట్టుకుని ఒక సాయంత్రం ఆ కుర్రవాడి ఇంటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. తండ్రి ఆటో నడుపుతాడు. ఆయన అప్పటికి రాలేదు. తల్లి నాచారంలోనే ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, చేతికి ఇంకా మందుల వాసన. కుర్చీ తుడిచి వేసి, టీ పెట్టింది.

నేను నా వాగ్ధాటి అంతా చూపించాను. 2020లో కేంద్ర ప్రభుత్వం ఉద్యోగాల క్రీడా కోటా జాబితాను 43 ఆటల నుంచి 63కు పెంచిందనీ, కొత్తగా చేరిన ఇరవైలో బేస్‌బాల్ ఒకటనీ చెప్పాను. ఇది నిజమే. ఉస్మానియా జట్టుకు ఎంపికైతే దేశమంతా తిరగవచ్చునన్నాను. అదీ నిజమే. కుర్రవాడు గుమ్మం పట్టుకుని వింటున్నాడు. తల్లి చీర చెంగు వేలికి చుట్టుకుంటూ అంతా విని, ఒకే ఒక ప్రశ్న వేసింది.

"అంత మంచిగనే ఉన్నది సారూ. ఒక్కటి అడుగుత, ఏమనుకోకుండ్రి. రేపు వీని చెయ్యి పనిచెయ్యకుంటే, చదువు ఉంటదా, పోతదా?"

ఇరవై ఏళ్లుగా వేదికలెక్కి మాట్లాడుతున్న నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. తట్టలేదని ఒప్పుకోవడానికి బదులు, నోటికి వచ్చింది అనేశాను: "చదువు ఎక్కడికి పోతుందమ్మా! అది నా పూచీ."

ఆమె మొహం తేటపడింది. టీలో ఇంకొంచెం పంచదార వేసింది. నేను తాగాను. ఆ పూచీ ఇవ్వడానికి నాకు అధికారం ఉన్నదా లేదా అని దారిలోనైనా ఆలోచించలేదు. మోటారు సైకిలు మీద పి.డి.గారూ నేనూ పాటలు పాడుకుంటూ వచ్చాం.

మన హైదరాబాదులో పాతకాలపు ఆటగాళ్లకు ఇలాటి పూచీ మరో రూపంలో ఉండేది. ఎస్.ఎ. రహీం సాహెబు సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆయన బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దారు. 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదేళ్లు ఆ జట్టు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఆ పోలీసు జట్టులో ఆడినవాడికి ఒంటి మీద యూనిఫారం ఉండేది, నెలకు జీతం ఉండేది. కాలు బెణికినా ఇంట్లో పొయ్యి ఆరదు. తర్వాత రైల్వేలు, బ్యాంకులు కూడా ఆటగాళ్లను అలాగే చేరదీశాయి. ఇప్పుడు ఆ పని కళాశాలల మీద పడింది. కాని మేము ఇచ్చేది ఉద్యోగం కాదు, రాయితీ. ఉద్యోగానికి ఉత్తర్వు ఉంటుంది. రాయితీకి మాటే ఆధారం.

కుర్రవాడు చేరాడు. మొదటి ఏడాది మాకు పండగే. క్రికెట్టు బంతి కన్నా బేస్‌బాల్ బంతి కాస్త తేలిక; వాడి చేతిలోంచి అది ఈల వేస్తూ పోయేది. ఎదుటి జట్టువాడు కర్ర తిప్పేసరికి బంతి క్యాచరు తొడుగులో ఉండేది. అంతర కళాశాలల పోటీల్లో మా పేరు వినబడింది. కరపత్రం మీద వాడి ఫోటో అచ్చయింది. మా ఆవిడ ఆ కరపత్రం దాచిపెట్టి, "మీ బేసి బాల్ అబ్బాయి" అని పక్కింటివాళ్లకు చూపించేది. ఒకరోజు భోజనానికి పిలిచింది కూడా. గోంగూర పచ్చడితో వాడు తిన్న అన్నం చూసి, మాది తెనాలి అయినందుకు నేను గర్వపడ్డాను.

రెండో ఏడాది ఒకే రోజు రెండు ఆటలు పడ్డాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. పొద్దున వాడే విసిరాడు, గెలిచాం. మధ్యాహ్నం ఇంకొకణ్ణి దింపుదామా అని పి.డి.గారు ఒక్క క్షణం ఆలోచించారు. గుడారంలో కూర్చున్న యాజమాన్యం వారు, "అబ్బే, మనవాడే వెయ్యాలి" అన్నారు. అనని వాళ్లలో నేను లేను. అందరికన్నా గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను. వాడు మోచెయ్యి రుద్దుకోవడం చూశాను. "ఏమైందిరా?" అంటే, "ఏం లేదు సార్" అన్నాడు. ఆ వయసు పిల్లవాడు ఇంకేం చెబుతాడు? ఆడకపోతే రాయితీ పోతుందేమోనని వాడికి భయం. ఆ సంగతి వాడు చాలా రోజుల తర్వాత చెప్పాడు.

అయిదో ఇన్నింగ్సులో ఒక బంతి విసిరి, చెయ్యి పట్టుకుని దిబ్బ మీదే కూర్చుండిపోయాడు.

తల్లికి ఫ్యాక్టరీ ఉద్యోగం గనక నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో చూపించుకునే వీలున్నది. మోచేతి లోపలి వైపు బంధనం దెబ్బ తిన్నదనీ, తెగలేదు గాని బాగా సాగిందనీ, ఆరు నెలలు ఏమీ విసరకూడదనీ డాక్టరుగారు చెప్పారు.

అప్పుడు నేను చదవవలసినవి చదివాను. ఆరిపోయిన దీపంలో నూనె పోసినట్టు. టామీ జాన్ అనే అమెరికా ఆటగాడికి 1974లో ఆ బంధనమే తెగింది. సెప్టెంబరు 25న ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు వాడి రెండో చేతి నుంచి నరంలాంటి కండర తంతువు తీసి మోచేతికి కట్టాడు. అంతకు ముందు అలాటి దెబ్బతో ఆట ముగిసేది. జాన్ 1976లో తిరిగి మైదానానికి వచ్చి 1989 దాకా ఆడాడు. అతను గెలిచిన 288 ఆటల్లో 164 ఆ శస్త్రచికిత్స తర్వాతివే. ఇప్పుడు ఆ చికిత్సను అతని పేరుతోనే పిలుస్తారు. చేతులు ఇలా పాడవడం పెరిగిపోయేసరికి అక్కడి పెద్దలు 2014లో పిల్లల వయసును బట్టి లెక్కలు కట్టారు. పదిహేడు, పద్దెనిమిదేళ్లవాడు రోజుకు 105 బంతులు మించి విసరకూడదు. పంతొమ్మిది నుంచి ఇరవై రెండేళ్లవాడు 120 మించకూడదు. ఎక్కువ విసిరితే అందుకు తగినన్ని రోజులు విశ్రాంతి. ఆ రోజు మావాడు ఎన్ని విసిరాడో నన్ను అడగకండి. ఎవరూ లెక్కపెట్టలేదు. పరుగులు లెక్కపెట్టాం, పతకాలు లెక్కపెట్టాం.

మూడు నెలలు గడిచాక ఆఫీసు నుంచి ఆ కుర్రవాడికి ఒక కాగితం వెళ్లింది. క్రీడా రాయితీ పొందుతున్న విద్యార్థి ఈ ఏడు ఆటల్లో పాల్గొననందున రాయితీ రద్దు చేయడమైనది, విడత ఫీజు రూ. 12,000 పది రోజుల్లో చెల్లించవలెను. భాష నిర్దుష్టంగా ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆ వారంలోనే తల్లి కళాశాలకు వచ్చింది. నన్ను నిలదీయడానికి వచ్చిందనుకుని, స్టాఫు గదిలో పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. ఆమె చేతిరుమాల్లో మడిచిన నోట్లు బల్ల మీద పెట్టి, "ఎక్కడ కట్టాల్నో జెర చూపియ్యండ్రి సారూ" అన్నది.

"అమ్మా, నేను ఆ రోజు..." అన్నాను.

"మీరు మంచి మనసుతోనే చెప్పిన్రు. మీ చేతుల ఏమున్నది?" అన్నది.

తిట్టి ఉంటే నాకు అంత బాధ లేకపోను. ఏటేటా తరగతి గదిలో హరిశ్చంద్రుడి కథ చెప్పి, ఆడిన మాట తప్పనివాడి గొప్పతనం మీద పది మార్కుల ప్రశ్న ఇచ్చే మనిషిని నేను. ఆ రుమాలు ఆమె చేతిలో పెట్టి, "వారం రోజులు ఆగండమ్మా" అని పంపాను.

క్రీడా సంఘం సమావేశం వేయించాను. కన్వీనరు పదవి వల్ల నాకు కలిగిన ఒకే ఒక లాభం అది. "చేర్చుకునేటప్పుడు చెయ్యిని చూశాం. ఆ చేతిని వాడుకున్నది మనమే, పాడు చేసిందీ మనమే. ఇప్పుడు చెయ్యి లేదు గనక మనిషి అక్కర్లేదంటున్నాం" అన్నాను. ఒక సభ్యులు తాపీగా, "ఆడనివాడికి రాయితీ ఇస్తే, రేపు ప్రతివాడూ చెయ్యి నొప్పి అంటాడండీ" అన్నారు. అందులోనూ న్యాయం లేకపోలేదు. నూరు మంది ఫీజుతో నడిచే కళాశాల అది, ధర్మసత్రం కాదు. "నొప్పి అన్నవాణ్ణల్లా నమ్మమనడం లేదు. డాక్టరు కాగితాన్ని నమ్మమంటున్నాను" అన్నాను.

అప్పుడు మా పి.డి.గారు లేచారు. సమావేశాల్లో ఆయన నోరు విప్పగా నేను చూడలేదు. "తప్పు నాది సార్. రెండో ఆటలో వాణ్ణి దింపింది నేను. వాని రాయితీ తియ్యాలంటే ముందు నా జీతంల కొయ్యండి" అని కూర్చున్నారు. గదిలో పంకా చప్పుడు తప్ప ఏమీ లేదు. గుడారంలో కూర్చున్నవాళ్లందరం బల్ల మీద చెక్క గీతలు చూసుకుంటున్నాం.

చివరికి తేలిందేమంటే, కుర్రవాడు తరగతులకు వస్తూ, పరీక్షలు పాసవుతూ, జట్టుకు చేతనైన సాయం చేస్తూ ఉన్నంత కాలం డిగ్రీ పూర్తయ్యేదాకా రాయితీ ఉంటుంది. అయితే ఆ విడత పన్నెండు వేలు అప్పటికే లెక్కలకెక్కింది గనక అది మాత్రం కట్టాలి. లెక్కలకెక్కిన డబ్బును దించడం దేవుడి తరం కూడా కాదట.

ఆ రాత్రి మా ఆవిడకు చెప్పాను. మా ఇంట్లో బట్టలుతికే మిషను కోసం కొంత సొమ్ము కూడబెట్టి ఉన్నది. ఆవిడ కాసేపు ఆలోచించి, "మాట మీరు ముందిచ్చారు, మిషను నేను తర్వాత అడిగాను. ముందుది ముందు" అన్నది. అన్న తర్వాత రెండు రోజులు నా చొక్కాలు నేనే ఉతుక్కున్నాననుకోండి, అది వేరే సంగతి. ఆ తల్లికి మాత్రం సంఘం ఒప్పుకున్నదని చెప్పాను. సగం నిజమే గదా!

ఇక జట్టుకు చేతనైన సాయం ఏమిటన్న ప్రశ్న వచ్చింది. మా అమ్మ జపానికి వేలికి పెట్టుకునే చిన్న అంకెల మిషను ఒకటి ఉంది. మీట నొక్కితే ఒక్కో అంకె పెరుగుతుంది. అది తీసుకువెళ్లి వాడికిచ్చాను. ఇప్పుడు మా జట్టు ఆడుతుంటే వాడు గీత అవతల కూర్చుని, విసిరిన ప్రతి బంతికీ ఒక నొక్కు నొక్కుతాడు. ఎనభై దాటగానే లేచి నిలబడతాడు. వాడు నిలబడితే పి.డి.గారు విసిరేవాణ్ణి మార్చాలి. మొన్న గెలిచే ఆటలో నిలబడ్డాడు. మార్చాం. ఓడిపోయాం. దారి పొడుగునా ఎవరూ మాట్లాడలేదు గాని, ఆ విసిరే కుర్రవాడు మర్నాడు తన పుస్తకాల సంచి తన చేత్తోనే మోసుకుని వచ్చాడు.

మావాడి చెయ్యి చాలా వరకు బాగుపడింది. విసరడం మానేసి, దగ్గరి మజిలీలో బంతి పట్టే చోట నిలబడి నెమ్మదిగా మళ్లీ ఆడుతున్నాడు. మొదటి వేగం రాలేదు. వస్తుందని నేను చెప్పను. పూచీలు ఇచ్చే అలవాటు తగ్గించుకున్నాను.

దానికి బదులు ఒక కాగితం తయారు చేశాను. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా చేతి తొడుగుల సంచితో పాటు అదీ తీసుకువెళతాను. తెలుగులోనే ఉంటుంది, నాలుగే వాక్యాలు. రాయితీ ఎంత, ఎన్నేళ్లు? ఆటలో దెబ్బ తగిలితే అది కొనసాగుతుందా, వైద్యం ఖర్చు ఎవరిది? ఒక రోజు ఎంత ఆడిస్తారు, లెక్క ఎవరు చూస్తారు? పిల్లవాడు మధ్యలో మానుకుంటే సర్టిఫికెట్లు ఎప్పుడు తిరిగి ఇస్తారు? ఈ నాలుగింటికీ జవాబులు రాసి, కింద ప్రిన్సిపాల్‌గారి సంతకం, ముద్ర. ఈ సంతకం కోసం నేను ఎన్నిసార్లు ఆ గది ముందు నిలబడ్డానో అది మరో వారం చెబుతాను.

మీ ఇంట్లోనూ చెయ్యి చురుకైన పిల్లవాడో, కాలు చురుకైన పిల్లో ఉండవచ్చు. ఏదో ఒక కళాశాల నుంచో, విశ్వవిద్యాలయం నుంచో నా బోటి మాటకారి ఒకడు వచ్చి మీ కుర్చీలో కూర్చుంటాడు. వాడికి టీ ఇవ్వండి, తప్పులేదు. పతకాల సంగతి వాడే చెబుతాడు. పతకం రాని రోజు సంగతి మీరు అడగండి. అడిగితే మర్యాద కాదేమోనని సంకోచించకండి. ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్న కన్నా మర్యాదైన ప్రశ్న నేను ఇంతవరకు వినలేదు.

ఈ వేసవిలో ఇంకో కుర్రవాడి కోసం మళ్లీ నాచారం వెళ్లాను, అదే వీధికి. వాడి నానమ్మ అరుగు మీద కూర్చుని, నన్ను కిందికీ మీదికీ చూసి, ఎవరు నువ్వన్నట్టు మొహం పెట్టింది. నేను గొంతు సవరించుకునే లోపలే ఎదురింటి గుమ్మంలోంచి మందుల వాసన చేతుల ఆ తల్లి కేకేసింది:

"మాటలు తర్వాత ఇందువు గాని అవ్వా, ముందుగాల సారు దగ్గర కాయితం తీసుకో."